తీగల పట్టూ విడుపూ

పిల్లలూ! మన దొడ్లో పెరిగే మొక్కలన్నీ ఒక్క రకంగా బతకవు. వేప, కొబ్బరి, మునగ తమ కాళ్ళ మీద తాము నిలబడతాయి. చిక్కుడు, దొండ, కాకర, జాజి అట్లా నిలబడలేవు. పక్కన ఏది దొరికితే దాన్ని పట్టుకుని పైకి పోతాయి. పందిరి దొరికితే పందిరి, గోడ దొరికితే గోడ, ఇంకో చెట్టు దొరికితే ఆ చెట్టు. మనం పందిరి వేసి, నీళ్ళు పోసి పెంచుకునే తీగలు మనకు కూరలూ పూలూ ఇస్తాయి. పిలవకుండా వచ్చిన తీగలు మాత్రం చెట్టుకూ గోడకూ చేటు తెస్తాయి. అటువంటి తీగల్ని అదుపులో పెట్టటం ఎట్లాగో ఈసారి చెబుతాను. ఇది పెద్దవాళ్ళు కూడా వినదగ్గ విషయమే. ఎందుచేతనంటే, కత్తీ గునపమూ పట్టవలసింది వాళ్ళు. ఎక్కడ పట్టాలో చూపించవలసింది మీరు.

మాది నెల్లూరు జిల్లాలో మైపాడు సముద్రతీరానికి దగ్గరగా ఉన్న ఒక పల్లె. ఇసక నేల. ఎండాకాలంలో మా ఊరికి వచ్చినవాళ్ళు, "ఈ ఇసకలో ఏం మొలుస్తుందిలే!" అనుకుంటారు. వాళ్ళు కార్తీకమాసంలో వచ్చి చూడాలి. మా జిల్లాలో ఏడాది మొత్తం మీద పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. ఈశాన్య ఋతుపవనాలు తెచ్చే వాన అది. ఆ వాన పడిన మూడు వారాలకు మా కంచె కనిపించదు. చిల్లకంప మీద కాకిదొండ, దాని మీద శంఖుపుష్పం, ఆ పైన పేరు తెలియని తీగలు ఇంకో నాలుగు—అన్నీ కలిసి పచ్చటి దుప్పటి కప్పినట్టు కప్పేస్తాయి. కంచె మీద ఉన్నంతవరకూ ఫరవాలేదు. అక్కణ్ణించి చెయ్యి చాచి వేపచెట్టును అందుకుంటాయి. అప్పుడే మనకు పని పడుతుంది.

అసలు తీగలు ఎందుకు ఎగబాకుతాయి? ఎండ కోసం. ఎండ లేనిదే ఆకు తన ఆహారం తాను తయారుచేసుకోలేదు. వేపచెట్టు ఎండను అందుకోవటానికి ఏళ్ళ తరబడి మాను కట్టుకుంటుంది. తీగకు అంత ఓపిక లేదు. మాను కట్టవలసిన సరుకంతా పొడుగు పెరగటానికి ఖర్చు పెడుతుంది. ఇంకొకరు కట్టిన మేడ మీదికి నిచ్చెన వేసుకుని ఎక్కి కూచున్నట్టన్న మాట. పైకి చేరాక తన ఆకులు పరుస్తుంది. కింద ఉన్న చెట్టుకు ఎండ తగలదు. ఎండ తగలని కొమ్మ క్రమంగా ఎండిపోతుంది.

తీగలు ఎట్లా ఎక్కుతాయో బాగా పరిశీలించి రాసిన శాస్త్రజ్ఞుడు ఇంగ్లండుకు చెందిన ఛార్లెస్ డార్విన్. అమెరికాలో ఆసా గ్రే అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1858లో అచ్చువేసిన ఒక చిన్న వ్యాసం చదివి ఆయనకు తీగల మీద ఆసక్తి పుట్టింది. జబ్బుచేసి గది కదలలేని రోజుల్లో డార్విన్ కుండీలో ఒక తీగను పక్కన పెట్టుకుని రాత్రింబవళ్ళు దాని కొనను చూస్తూ కూచున్నాడు. పట్టు కోసం వెతికే తీగ కొన గాలిలో గుండ్రంగా తిరుగుతుందని లెక్కలతో సహా రాశాడు. హాప్ అనే తీగ వేడిరోజున ఒక చుట్టు తిరగటానికి సుమారు 2 గంటల 8 నిమిషాలు తీసుకున్నది! ఆయన వ్యాసం 1865లో వెలువడింది, 1875లో పుస్తకంగా వచ్చింది. పట్టుకునే పద్ధతిని బట్టి ఆయన తీగల్ని తరగతులుగా విడదీశాడు. కొన్ని మెలితిరిగి చుట్టుకుంటాయి. కొన్ని ఆకు కాడలతోనో, స్ప్రింగులాంటి నులితీగలతోనో పట్టుకుంటాయి. కొన్ని వేళ్ళతో అతుక్కుంటాయి. కొన్ని ముళ్ళతో కొక్కెం వేస్తాయి.

మా తాత డార్విన్ పేరు వినలేదు. కాని దొడ్లో పని చెప్పేటప్పుడు ఆయన మొదట అనే మాట ఇదే: "లాగబాక అబ్బయ్యా! అది దేంతో పట్టుకోనుందో ముందు చూడు." చూస్తే విడిపించే దారి దానంతట అదే తెలుస్తుంది. ఇప్పుడు ఒక్కొక్క పట్టునూ చూద్దాం.

మొదటిది చుట్టుకునే పట్టు. చిక్కుడు ఇట్లాంటిదే. దీనికి వేరే చేతులు లేవు, ఒళ్ళంతా చెయ్యే. కర్ర దొరికితే చాలు, తాడు చుట్టినట్టు చుట్టుకుంటూ పోతుంది. పైనుంచి చూస్తే గడియారం ముళ్ళు తిరిగే దిక్కుకు ఎదురుదిక్కుగా తిరుగుతుంది. లోకంలో చుట్టుకునే తీగల్లో పదింట తొమ్మిదికి పైగా అదే దిక్కున తిరుగుతాయి. లేత తీగ దారి తప్పి మల్లెపొద మీదికి పోతే తెంపవలసిన పనిలేదు. అది ఎటు చుట్టుకున్నదో దానికి ఎదురుగా తిప్పుతూ విప్పి, పందిరి వైపు మళ్ళించండి. తిరిగి చుట్టేటప్పుడు దాని దిక్కునే చుట్టండి. ఎదురుదిక్కున చుట్టి వదిలితే అది జారిపోయి, మళ్ళీ తనకు నచ్చిన దిక్కునే చుట్టుకోవటానికి చూస్తుంది.

ఇట్లా చుట్టుకునే వాటిలో తిప్పతీగ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. దీన్ని అమృతవల్లి అని కూడా అంటారు. తమలపాకుల్లాంటి ఆకులు, గరుకైన కాండం. మా వేపచెట్టు మీదికి అది ఎగబాకింది. "కొట్టెయ్యాల" అన్నాడు తాత. "వేప మీద పాకిన తిప్పతీగ మందుకు శ్రేష్ఠం, దాన్ని తాకబాకండి" అన్నది అవ్వ. వారంరోజులు ఇంట్లో ఇదే వాదన. చివరకు తాత మొదట్లో మాత్రం ఒక్క కత్తివాటు వేసి, ఎండిపోతుందని ఊరుకున్నాడు. అది ఎండలేదు! పైన తెగి వేలాడుతున్న తీగ నుంచి నూలుపోగుల్లాంటి సన్నటి వేళ్ళు బయలుదేరి, గాలిలో వేలాడుతూ రోజురోజుకూ కిందికి దిగసాగాయి. నేను ప్రతి ఉదయమూ వెళ్ళి అవి ఎంత దిగాయో చూసేవాణ్ణి. ఒకటి నా తల ఎత్తుకు, తరవాత నా మోకాలి ఎత్తుకు, చివరకు నేలకు తగిలింది. అక్కణ్ణించి అది మళ్ళీ తీగ అయింది. "దానికి అమృతవల్లి అని ఊరికే పేరు పెట్టారా?" అని అవ్వ నవ్వింది.

తిప్పతీగ కాండంలో నీళ్ళూ ఆహారమూ చాలా నిలవ ఉంటాయి. ఆ నిలవతో అది నేల తగలకుండానే చాలాకాలం బతకగలదు. కనక ఒక్క చోట నరికితే చాలదు. మొదట్లో ఒకచోట, మనిషెత్తున ఇంకొకచోట కోసి, మధ్య ముక్కను తీసెయ్యాలి. పైనుంచి దిగే పోగుల్ని వారానికొకసారి తెంపుతూ ఉండాలి. కోసిన ముక్కల్ని తేమనేల మీద పారెయ్యకూడదు. బండమీద పరిచి ఎండబెట్టాలి. మా ఇంట్లో ఇద్దరికీ నచ్చేట్టుగా, ఒక ముక్కను దూరంగా కంచె మూల నాటి, వేప మీదిది తీసేశాం. మందు సంగతి అవ్వలకు తెలిసినా, వైద్యుణ్ణి అడక్కుండా మీరు మాత్రం ఏ తీగనూ నమలకండి.

రెండవది నులితీగలతో పట్టు. దొండ, కాకర, బీర, పొట్ల అన్నీ ఈ తరగతివే. తీగ పక్కనుంచి సన్నటి పోగు బయలుదేరి, దేనికయినా తగలగానే వంకర తిరుగుతుంది. తగిలిన వైపు పెరుగుదల తగ్గి, అవతలి వైపు ఎక్కువవుతుంది. అందుచేత అది ఆ వస్తువును చుట్టేస్తుంది. తరవాత తక్కిన పోగు కూడా స్ప్రింగులాగా మెలితిరిగి తీగను దగ్గరికి లాగుతుంది. గాలి వీస్తే స్ప్రింగు సాగుతుందేగాని తెగదు.

వీటిలో దొడ్డికి నిజమైన బెడద కాకిదొండ. దీని ఆకు ఐవీ అనే సీమ తీగ ఆకులా ఉంటుందని ఇంగ్లీషువాళ్ళు దీనికి 'ఐవీ గోర్డ్' అని పేరు పెట్టారు. మనం కూరకు పెంచే దొండా ఇదీ ఒకటే జాతి. కాకిదొండ కాయ చేదు. పండితే ఎర్రగా నిగనిగలాడుతుంది. పిట్టలు తిని గింజల్ని దూరదూరాల వేస్తాయి. ఎండాకాలంలో పైతీగ మాడిపోయి చచ్చిందనుకుంటాం. మట్టిలో దాని వేరు దుంపలాగా ఊరి దాక్కుని ఉంటుంది. మొదటి వాన పడగానే మళ్ళీ లేస్తుంది. పైపైన తెంపటం దానికి జుట్టు కత్తిరించటంతో సమానం. వాన వెలిసిన మర్నాడు ఇసక మెత్తగా ఉన్నప్పుడు, మొదలు పట్టుకుని గునపంతో దుంప దాకా తవ్వి తియ్యాలి. దుంప కింద చెయ్యి పోయేటంత తవ్వకపోతే సగం విరిగి లోపలే ఉండిపోతుంది. పిల్లలు చెయ్యదగిన పని ఇంకొకటి ఉంది: కాయలు ఎర్రబడకముందే కోసెయ్యటం. అప్పుడు పిట్టలకు మొయ్యటానికి గింజలుండవు.

మన దొండను తక్కువగా అంచనా వెయ్యకండి. అది పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవులకు వెళ్ళి అక్కడ అడవుల్నీ, కంచెల్నీ, కరెంటు స్తంభాల్నీ కప్పేసింది. ఇక్కడ దాన్ని తినే పురుగులున్నాయి, అక్కడ లేవు. కోతా మందులూ చాలక, అక్కడి ప్రభుత్వం ఆఫ్రికా నుంచి దాని కాండం తొలిచే పురుగును తెప్పించి, బాగా పరీక్ష చేసి 1996లో వదిలింది. 1999లో ఆకులు తొలిచే ముక్కుపురుగును కూడా వదిలింది. మన ఇంట్లో వారానికొకనాడు కంచంలోకి వచ్చే దొండకాయ, చోటు మారేసరికి ఒక ప్రభుత్వానికి సమస్య అయి కూచుంది!

మూడవది వేళ్ళతో అతుక్కునే పట్టు. ఇళ్ళల్లో సీసాలో నీళ్ళు పోసి పెంచే మనీప్లాంటు ఈ రకం. సీసాలో ఉన్నంతకాలం దాని ఆకు అరచేయంత ఉంటుంది. కొబ్బరిచెట్టు మొదట్లో పాతి చూడండి, కణుపు కణుపుకూ వేళ్ళు పుట్టి మానుకు అతుక్కుంటూ పైకి పోతుంది. పైకి పోయేకొద్దీ ఆకులు విస్తరాకులంత పెద్దవవుతాయి. దాని రసంలో కంటికి కనిపించని సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి కనక, అది తాకిన చేతితో నోరూ కళ్ళూ ముట్టుకోకూడదు.

పట్నాల్లో ప్రహరీగోడలకు పచ్చటి చాప అతికించినట్టు కనిపించే చిన్న ఆకుల తీగ ఒకటుంది. నర్సరీవాళ్ళు దాన్ని 'వాల్ క్రీపర్' అని అమ్ముతారు. అది మర్రికి చుట్టం. చైనా, జపాను దేశాల నుంచి వచ్చింది. దాని వేళ్ళను డార్విన్ గాజుపలక మీద పాకించి చూశాడు. వేళ్ళ నుంచి బంకలాంటి ద్రవం చిన్న చిన్న చుక్కలుగా ఊరింది. సీమ ఐవీ కూడా ఇట్లాగే చేస్తుంది. అమెరికాలో టెనెసీ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు 2008లో ఆ బంకను పరీక్షించి, అందులో తల వెంట్రుక మందంలో వెయ్యోవంతు ఉండే రేణువులున్నట్టు కనుక్కున్నారు. గోడలోని సన్నటి గరుకుల్లోకి ఆ బంక దిగి ఎండిపోతే ఇక ఊడదు.

ఇట్లాంటి తీగను పచ్చిగా ఉండగా గోడ మీంచి లాగితే తీగతో పాటు సున్నమూ పూతా పెళ్ళలు పెళ్ళలుగా ఊడి వస్తాయి. తొందరపడరాదు. మొదలు దగ్గర బెత్తెడు ముక్క కోసి తీసేసి, పై తీగను అట్లాగే వదిలెయ్యండి. రెండు మూడు నెలలకు అది ఎండి, పట్టు సడలుతుంది. అప్పుడు నెమ్మదిగా విడదీసి, గోడమీద మిగిలిన వేళ్ళను తడిపి కొబ్బరిపీచుతోనో గట్టి బ్రష్షుతోనో రుద్దితే చాలావరకు పోతాయి.

మరి తీగ పాకిన గోడలన్నీ చెడిపోతాయా? ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం వాళ్ళు పాత కట్టడాల మీది ఐవీని పరిశోధించి, గోడ గట్టిగా ఉంటే ఆకులు దానికి గొడుగు పట్టినట్టు ఎండనూ చలినీ తగ్గిస్తాయని తేల్చారు. పగుళ్ళున్న గోడ అయితే మాత్రం వేళ్ళు లోపలికి దూరి దాన్ని ఇంకా చీలుస్తాయి. అందుచేత మీరు తీగను చూసేముందు గోడను చూడాలి.

పగుళ్ళకు అసలైన శత్రువు ఎగబాకే తీగ కూడా కాదు. రావి, మర్రి, జువ్వి గింజలు ఆవగింజ కన్న చిన్నవి. పిట్ట రెట్టతో పాటు గోడ సందులో పడి మొలుస్తాయి. వేలెడంత మొక్కప్పుడు వానతడి మీద వేరుతో సహా ఊడి వస్తుంది. ఆకు అందంగా ఉన్నదని ఒక్క ఏడాది ఊరుకుంటే వేరు ఇటుకల మధ్య చొరబడుతుంది. అప్పుడు పైన ఎన్నిసార్లు నరికినా కింద వేరు లావెక్కుతూనే ఉంటుంది. పూత విప్పి, వేరు తీసి, సందును మళ్ళీ పూడ్చవలసిందే. మా తీరంలో తాటిచెట్లను చూడండి: మట్ట మొదట్లో పడిన మర్రిగింజ మొలిచి, ఊడలు దించి, నలభై ఏళ్ళకు తాటిని తన కౌగిట్లో నొక్కేస్తుంది. కంబోడియాలో తా ప్రోమ్ అనే ప్రాచీన దేవాలయాన్ని ఇట్లాంటి వేళ్ళే చుట్టుకున్నాయి. అక్కడ వేళ్ళు రాళ్ళను విడదీశాయి, విడిపోయిన రాళ్ళను పడకుండా పట్టుకున్నదీ వేళ్ళే! మన భారత పురావస్తు శాఖవారు అక్కడికి వెళ్ళి ఆ గుడిని బాగుచేసే పనిలో పాల్గొన్నారు. చెట్టును లాగేస్తే గుడి కూలుతుంది, వదిలేస్తే పగులుతుంది. వేలెడంత మొక్కప్పుడే చూసుకోవటంలో లాభం ఎంతో దీన్ని బట్టి తెలుస్తుంది.

నాలుగవది ముళ్ళతో కొక్కెం వేసే పట్టు. కాగితంపూల తీగ ఈ రకం. పూలు అయిపోగానే పెద్దవాళ్ళు తోలు చేతొడుగులు వేసుకుని కత్తిరించాలి. ఇంతకన్న దీని గురించి చెప్పవలసింది లేదు.

ఇక అయిదవ పట్టు అన్నిటికన్న చిత్రమైనది. మా వైపు సరుగుడు తోపుల్లో, జీడిమామిడి కంచెల్లో ఆకుల్లేని పోగులు చిక్కుపడిన దారపుఉండలా పరుచుకుని ఉంటాయి. పచ్చగా ఉండేది పాచితీగ. పసుపుపచ్చగా ఉండేది సీతమ్మవారి పోగునూలు. రెండూ ఒకేలా కనిపించినా చుట్టాలు కావు. పాచితీగ దాల్చినచెక్క కుటుంబంలోది! గింజ నేలలోనే మొలుస్తుంది. లేత పోగు పక్క మొక్కను అందుకుని, దాని ఒంట్లోకి చిన్న చిన్న పీల్చే వేళ్ళు దించుతుంది. ఇక నేలలో ఉన్న వేరు ఎండిపోతుంది. అప్పటినుంచి నీళ్ళూ ఆహారమూ ఆ చెట్టువే.

దీని మొదలు కోద్దామని వెతికితే మీకు మొదలే దొరకదు. లాగి అవతల పారేద్దామంటే, తెగిన ముక్క ఇంకో మొక్క మీద పడి అక్కడ మళ్ళీ పట్టు దొరకపుచ్చుకోవచ్చు. అది పాకిన రెమ్మల్ని కూడా కలిపి కోసి, గింజ కట్టకముందే ఒక గోతాంలో వేసి బయటికి తెచ్చి, ఎండబెట్టి కాల్చెయ్యాలి. ఒక మొక్కను రక్షించటానికి దాని కొమ్మను కొంచెం పోగొట్టుకోక తప్పదు.

ఇంత శ్రమ దేనికని మీరు అడగవచ్చు. మాకు 1989లో దానికి జవాబు దొరికింది. ఆ సంవత్సరం నవంబరు రెండోవారంలో, థాయిలాండు సింధుశాఖలో పుట్టి, సన్నటి నేలపట్టీ దాటి బంగాళాఖాతంలోకి వచ్చిన పెనుతుఫాను మా జిల్లాలోనే కావలి దగ్గర తీరం దాటింది. నాకప్పుడు పదేళ్ళు దాటాయి. మా దొడ్లో రెండు వేపచెట్లుండేవి. ఒకటి మేము తిప్పతీగ తీసేసిన చెట్టు. రెండవది పక్క దిబ్బలో ఉండేది; దాని జోలికి ఎవ్వరూ పోలేదు. కాకిదొండా ఇంకా ఏవేవో తీగలూ దాని తలంతా కమ్మి, దూరం నుంచి చూస్తే గడ్డివాములా ఉండేది. ఆ రాత్రి గాలి అరుపుకు మేమెవరమూ నిద్రపోలేదు. తెల్లవారి చూస్తే రెండవ వేప వేళ్ళతో సహా లేచి పశువుల కొట్టం మీద పడి ఉన్నది. తాత సాయంత్రమే పశువుల్ని కట్లు విప్పి మిట్టకు తోలబట్టి అవి బతికాయి. మొదటి వేప రెండు పెద్ద కొమ్మలు పోగొట్టుకుని నిలిచింది.

ఒక్క తీగవల్లనే ఆ చెట్టు పడిందని నేననను. దాని వేళ్ళు తక్కువ లోతున ఉండవచ్చు, గాలి అక్కడ ఎక్కువ వీచి ఉండవచ్చు. కాని ఇది ఆలోచించండి: వేపాకుల మధ్యనుంచి గాలి జల్లెడలో పోయినట్టు పోతుంది. తీగలు దట్టంగా కమ్మిన చెట్టు తెరచాప ఎత్తిన పడవలాంటిది. వానకు తడిసిన ఆ తీగల బరువు కూడా చెట్టు మీదే. తెరచాప దించకుండా తుఫానులోకి ఏ పల్లెకారూ పడవ తోలడు. అందుకే మా ఇంట్లో దసరా సెలవుల్లో, వెనకవానలు ముదరకముందే, చెట్ల మీది తీగలు దించే పని పెట్టుకుంటాం. చెట్టెక్కి ఎవరూ లాగరు. కింద మొదలు కోసి, ఎండినాక దోటితో దించుతాం. నిలిచిన వేప ఇప్పటికీ ఉంది. మా అన్న మనవళ్ళు దానికి ఉయ్యాల కట్టుకున్నారు.

ఇంత చదివాక, కత్తి తీసుకుని కనిపించిన తీగనల్లా కొయ్యాలని మీకు తోచవచ్చు. ఆగండి. మా సముద్రపు ఒడ్డున ఇసక తిన్నెల మీద ఒక తీగ పాకుతూ ఉంటుంది. ఆకు మేక గిట్టలాగా నడిమికి చీలి ఉంటుంది. పువ్వు ఊదారంగులో గరాటులా ఉంటుంది. దాని పేరు బాలబందతీగ. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన లాటిను పేరులో 'పెస్ కాప్రే' అన్న మాటకు కూడా మేక పాదమనే అర్థం. ఇది దేని మీదికీ ఎక్కదు. కణుపు కణుపుకూ ఇసకలోకి వేళ్ళు దించుకుంటూ పోతుంది. ఇసక మీద పడితే ఆ ఇసకలోంచే మళ్ళీ పైకి వస్తుంది. దాని తోడుగా సూదుల్లాంటి ఆకులతో రావణాసురుడి మీసాలనే గడ్డి పెరుగుతుంది. దాని గింజల బంతులు గాలికి ఒడ్డున దొర్లిపోతుంటే పిల్లలు వాటి వెంట పరుగెత్తుతారు. ఈ రెండూ కలిసి ఇసకను పట్టి తిన్నెలు కడతాయి. గాలికి ఇసక ఊళ్ళమీదికీ పొలాలమీదికీ రాకుండా ఆపేదీ, పొంగిన కెరటం దెబ్బను కొంత కాచుకునేదీ ఆ తిన్నెలే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మా జిల్లా తీరం కూడా దెబ్బతిన్నది. ఒడ్డున తిన్నె ఉండటానికీ లేకపోవటానికీ ఉన్న తేడా తీరం మీద బతికేవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. విహారానికి వచ్చినవాళ్ళు ఆటకు చోటు చెయ్యటానికి ఈ తీగను పీకుతుంటే, పీకవద్దని మీరు మర్యాదగా చెప్పండి.

తీగ పనికి పోయేముందు ఒక్క జాగ్రత్త. కంచెల్లో దూలగొండి ఉంటుంది. చింతకాయలా వంపు తిరిగి, గోధుమరంగు నూగు కప్పిన కాయలు దాని గుర్తు. ఆ నూగు ఒంటికి తగిలితే దురద పుట్టి ఏడిపిస్తుంది. అది ఉన్నచోటికి పిల్లలు పోరాదు. గాలి వీచే వేళ పెద్దవాళ్ళూ పోరాదు. స్నేహితుల చొక్కాలో వేసి నవ్వుదామనే ఆలోచన అసలే వద్దు.

ఇక మీరు చేసి చూడవలసిన పని చెబుతాను. ఒక కుండీలో చిక్కుడు గింజ పాతండి. మొక్క మూరెడు ఎదిగి, కొన గాలిలో వంగినప్పుడు, ఒక సెలవురోజున దాని పక్కన కూచోండి. కుండీ కింద కాగితం పరిచి, కొన ఎటు చూస్తున్నదో అరగంటకొకసారి పెన్సిలుతో గుర్తు పెట్టండి. పక్కన టైము వెయ్యండి. కుండీని కదపకండి. సాయంత్రానికి మీ కాగితం మీద గుర్తులు ఒక చుట్టుగా ఏర్పడతాయి. అది ఎన్ని గంటల్లో ఒక చుట్టు తిరిగిందో, ఏ దిక్కున తిరిగిందో రాసుకోండి. మర్నాడు దాని పక్కన ఒక సన్నటి పుల్ల గుచ్చి, మొదటి పట్టు ఎప్పుడు పట్టిందో చూడండి.

ఆ తరవాత నాన్నగారినో తాతగారినో వెంటబెట్టుకుని మీ దొడ్డి చుట్టూ ఒకసారి తిరగండి. ఏ తీగ ఏ చెట్టును పట్టింది, దేనితో పట్టింది, మొదలు ఎక్కడుంది—ఈ మూడూ ఒక నోటుపుస్తకంలో రాయండి. గోడ సందుల్లో వేలెడంత రావి మొక్కలున్నాయేమో కూడా చూడండి. ఉంటే, ఈసారి వాన వెలిసిన మర్నాడే తీసెయ్యండి.